హెచ్ఎస్‌కే నాలుగో స్థాయి: కంటికి తెలిసిన మాట చెవికి ఎందుకు తెలియడం లేదు?

ప్రశ్న: మాపటిచదువు

నమస్కారం. నా వయసు 43. యంత్రాల విడిభాగాలు తెప్పించే ఒక సంస్థలో, కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తున్నాను. చైనా తయారీదారులతో ఉత్తరప్రత్యుత్తరాలు నిత్యం నడుస్తుంటాయి. ఎంతకాలమని అనువాద యాప్ మీద ఆధారపడతామన్న ఆలోచనతో మూడేళ్ల కిందట చైనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. చైనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష అయిన హెచ్ఎస్‌కేలో మూడో స్థాయిని మొదటి ప్రయత్నంలోనే దాటాను. ఆ ధైర్యంతో నాలుగో స్థాయికి కూర్చుంటే 300కి 174 వచ్చాయి. ఉత్తీర్ణతకు 180 కావాలి. చదవడంలో 68, రాయడంలో 60 వచ్చినా, వినడంలో 46 దగ్గరే ఆగిపోయాను.

ఆరు మార్కులే కదా, మరోసారి రాస్తే వచ్చేస్తాయని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నాకు మాత్రం అలా అనిపించడం లేదు. పరీక్షగదిలో ఏం జరిగిందో ఒక్క ఉదాహరణతో చెబుతాను. రికార్డింగులో ఒకామె, ఒకాయన మాట్లాడుకుంటున్నారు. ఆమె ‘జింగ్‌చాంగ్’ అంది. ‘తరచుగా’ అనే ఆ మాట మూడో స్థాయిలోనే నేర్చుకున్నాను, కాగితం మీద కనిపిస్తే అర సెకనులో గుర్తుపడతాను. అయినా విన్న క్షణంలో అది ఏ మాటో తట్టలేదు. దానిని వెతుక్కుంటూ ఉండగానే ఆయన బదులు చెప్పడం, ప్రశ్న అడగడం కూడా అయిపోయాయి. ఆ కంగారు తరువాతి రెండు ప్రశ్నలను కూడా మింగేసింది. మూడో స్థాయిలో ప్రతి సంభాషణనూ రెండుసార్లు వినిపిస్తారు. నాలుగో స్థాయిలో ఒక్కసారే వినిపిస్తారని తెలిసి కూడా, దాని బరువు ఎంతో నేను ముందుగా అంచనా వేయలేకపోయాను.

ఇప్పటివరకు నా చదువంతా పదాల కార్డుల మీదే సాగింది. ఫోనులో ఒకవైపు అక్షరం, మరోవైపు అర్థం పెట్టుకుని రోజుకు 40 కార్డులు తిప్పుతాను. పని ముగిశాక రాత్రి గంటన్నర దొరుకుతుంది. తదుపరి పరీక్షకు నాలుగు నెలల వ్యవధి ఉంది.

ముఖ్యంగా తెలుసుకోవాలనుకుంటున్నది ఇదే: నలభై దాటినవారికి చైనీస్ టోన్లు, అంటే మాట అర్థాన్నే మార్చేసే గొంతు ఎత్తుపల్లాలు, చెవికి పట్టుబడే అవకాశం నిజంగా ఉందా, లేక చదవడంలోనూ రాయడంలోనూ మార్కులు పెంచుకుని ఈ లోటును పూడ్చుకోవడమే మేలా? దీనితోపాటు మరో రెండు సందేహాలు ఉన్నాయి. నాలుగో స్థాయికి 1200 పదాలని ఒకచోట, 3245 పదాలని మరోచోట కనిపిస్తోంది, దేనిని నమ్మాలి? కాగితం మీద రాసే పరీక్షకు వెళ్లాలా, కంప్యూటర్ మీద రాసేదానికి వెళ్లాలా? అనుభవజ్ఞులు వివరంగా చెబితే కృతజ్ఞుడినై ఉంటాను.


జవాబు: శ్రవణం

మాపటిచదువు గారూ, నేను నాలుగో స్థాయిని 47వ ఏట, రెండో ప్రయత్నంలో దాటాను. మొదటిసారి నా మార్కుల పట్టిక కూడా అచ్చం మీ పట్టికలాగే ఉంది కనుక, మీ ప్రశ్న చదువుతుంటే నా పాత కాగితాలే తిరగేస్తున్నట్లు అనిపించింది.

ముందుగా వయసు సంగతి. అమెరికన్ విద్యార్థులకు చైనీస్ టోన్లు వినడంలో తర్ఫీదునిచ్చి చూసిన ఒక పరిశోధన 1999లో వెలువడింది. రెండు వారాల్లో ఎనిమిది విడతలుగా అనేకమంది గొంతులతో మాటలు వినిపించి, ఏ టోనో చెప్పించి, వెంటనే తప్పొప్పులు తెలియజేశారు. గుర్తుపట్టే శక్తి 21 శాతం పెరిగింది, ఆరు నెలల తరువాత పరీక్షించినా ఆ మెరుగుదల నిలిచే ఉంది. వారు మీకంటే చిన్నవారన్న మాట నిజమే గాని, టోన్లు లేని భాషలో పెరిగి పెద్దయిన చెవికి కూడా సాధన పనిచేస్తుందని దీనివల్ల తెలుస్తుంది. అందులో మనం పట్టుకోవలసిన కీలకం ‘అనేకమంది గొంతులు’ అన్నది. ఒకే ఉపాధ్యాయురాలి గొంతును మూడేళ్లు వింటే ఆమె మాట అర్థమవుతుంది, పరీక్షలో వినిపించే కొత్త గొంతు అర్థం కాదు. నా మొదటి ప్రయత్నం ఆ కారణంగానే దెబ్బతింది.

చదవడంలో మార్కులు పెంచుకుని వినడంలోని లోటు పూడ్చుకోవచ్చా అంటే, లెక్క ప్రకారం పూడ్చుకోవచ్చు. ఒక్కో విభాగానికి వేరుగా కనీస మార్కు లేదు, మొత్తం మీద 180 వస్తే చాలు. కానీ ఆ దారి పట్టవద్దని గట్టిగా చెబుతాను. ఐదో స్థాయిలో వినడానికి 45 ప్రశ్నలే ఉన్నా, మాటల వేగం, సంభాషణల నిడివి రెండూ పెరుగుతాయి. ఇక్కడ దాటవేసిన పనే అక్కడ రెట్టింపు బరువుతో ఎదురవుతుంది. పైగా రేపు తయారీదారు ఫోను చేస్తే మీకు కావలసింది చెవే కదా.

ఇప్పుడు అసలు పని. కార్డులు ఒక వారం పక్కన పెట్టి, ఒక నమూనా పరీక్షలోని వినికిడి భాగాన్ని, అంటే 45 ప్రశ్నలనూ, నిజమైన పరీక్షలో లాగే ఆపకుండా ఒక్కసారి విని జవాబులు గుర్తించండి. మరునాడు ఆ సంభాషణల రాతప్రతిని ముందు పెట్టుకుని తప్పుపోయిన ప్రతి ప్రశ్ననూ తిరిగి వినండి. ఒక్కో తప్పు పక్కన, అది ఎందుకు తప్పిందో రాయండి. ఆ మాట నిజంగానే తెలియదా, చదివితే తెలిసేది వింటే తెలియలేదా, లేక అంతకు ముందు ప్రశ్న గురించి ఆలోచిస్తూ దీనిని పోగొట్టుకున్నారా? నేను చేసినప్పుడు 19 తప్పుల్లో తెలియని మాటల వల్ల పోయినవి నాలుగే. పదకొండు, రాతప్రతిలో చూడగానే ‘అయ్యో, ఇదా’ అనిపించిన మాటల వల్ల పోయాయి. అప్పటిదాకా నేను రోజూ కొత్త పదాలు బట్టీ పడుతూ వచ్చాను. నా జబ్బు ఒకటైతే మందు మరొకటి వేసుకుంటున్నానని ఆ కాగితం చూశాకే తెలిసింది.

ఆ తరువాత రెండు నెలలపాటు నేను చేసినది చాలా చిన్న పని. నిమిషానికి మించని ఆడియో ముక్క ఒకటి తీసుకుని, రాతప్రతి చూడకుండా మూడుసార్లు వినేవాడిని. నాలుగోసారి వాక్యం వాక్యానికీ ఆపుతూ, విన్నదానిని టోన్లతో సహా పిన్‌యిన్‌లో, అంటే చైనీస్‌ను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతిలో, రాసేవాడిని. తరువాత రాతప్రతితో పోల్చి, తప్పిన చోట ఎర్రకలంతో గుర్తు పెట్టి, ఆ ఒక్క వాక్యాన్ని మాట్లాడేవారి వెంటే పైకి పలికేవాడిని. దీనికి రోజుకు ఇరవై అయిదు నిమిషాలు చాలు. మొదటి పదిరోజులు నిరుత్సాహంగా ఉంటుందని ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఒక నిమిషపు ఆడియోలో పదిహేను ఎర్రగుర్తులు పడతాయి. మూడో వారం నాటికి ఆ గుర్తులన్నీ కొన్ని చోట్లనే పోగుపడుతున్నాయని కనిపిస్తుంది.

నాకు అలా పోగుపడిన చోటు మూడో టోన్. తరగతిలో దానిని కిందికి దిగి మళ్లీ పైకి లేచే వంపుగా గీసి చూపిస్తారు. ఒంటరిగా పలికితే అది అలాగే ఉంటుంది. వాక్యం మధ్యలో మాత్రం సాధారణంగా గొంతు కిందనే ఉండిపోతుంది, పైకి లేవదు. పక్కపక్కన రెండు మూడో టోన్లు వస్తే మొదటిది రెండో టోన్‌లాగా పైకి పోతుంది. నేను ఆ పూర్తి వంపు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను, అది ఎన్నడూ రాలేదు. ‘కొనడం’, ‘అమ్మడం’ అనే రెండు క్రియలూ ‘మాయ్’ అనే శబ్దమే, మొదటిది మూడో టోన్, రెండోది నాలుగో టోన్. కిందనే నిలిచిన గొంతు మూడోది, పైనుంచి ఒక్కసారిగా పడిన గొంతు నాలుగోది అని చెవికి అలవాటు చేశాక కొనుగోలు, అమ్మకం నాకు మళ్లీ తారుమారు కాలేదు. మీ ఉద్యోగంలో ఈ తేడా ఎంత ముఖ్యమో నేను చెప్పనక్కరలేదు.

పరీక్షగదిలో చేయవలసిన పని ఒకటి మిగిలింది. మొదటి పది తప్పొప్పుల ప్రశ్నలు తప్ప మిగిలినవాటికి ప్రశ్నపత్రంలో ప్రశ్న అచ్చయి ఉండదు, నాలుగు జవాబులే ఉంటాయి. రికార్డింగు మొదలయ్యేలోపు ఆ నాలుగింటినీ చూస్తే అడగబోయేది స్థలమా, సమయమా, మనిషి మనోభావమా అన్నది తెలిసిపోతుంది. ఒక మాట జారిపోతే దానిని జారిపోనివ్వాలి. జవాబు తట్టకపోతే ఏదో ఒకటి గుర్తించి, కళ్లను తరువాతి నాలుగు జవాబుల మీదికి తిప్పాలి. దీనిని కూడా ఇంట్లో సాధన చేయాలి, పరీక్షనాడు హఠాత్తుగా అబ్బదు.


జవాబు: ఒత్తక్షరం

పైన శ్రవణం గారు చెప్పినదంతా నిజం. దానికి ముందు సరిచేసుకోవలసినది ఒకటి ఉందని నా అభిప్రాయం. మాపటిచదువు గారూ, మీరు ఆ మాటను ‘జింగ్‌చాంగ్’ అని రాశారు. మీ ఇబ్బందికి మూలం ఆ రాతలోనే ఉంది. రికార్డింగులో ఆమె ‘జింగ్‌చాంగ్’ అని అనలేదు, ‘చింగ్‌ఛాంగ్’ అంది. మీ మనసులో దాచుకున్న మాట ఒకటి, చెవిన పడినది మరొకటి అయినప్పుడు అవి రెండూ కలుసుకోవడానికి సమయం పట్టడం సహజం.

చైనా 1958లో ఆమోదించిన పిన్‌యిన్ రాతపద్ధతి రోమన్ అక్షరాలను వాడుతుంది గాని, వాటికి ఇంగ్లీషులోని శబ్దాలను ఇవ్వదు. చైనీస్ హల్లుల్లో ‘బ, ద, గ, జ’ వంటి నాద శబ్దాలు లేవు. ఉన్న తేడా అంతా ఊపిరి బలంగా వదలడంలోనూ వదలకపోవడంలోనూ ఉంది. అది మన వర్ణమాలలో అల్పప్రాణ, మహాప్రాణాల తేడాయే. పిన్‌యిన్‌లో ‘బీ’ అని రాసినది మన ‘ప’, ‘పీ’ అని రాసినది మన ‘ఫ’. ఈనాడు చాలామంది పై పళ్లను కింది పెదవికి ఆనించి పలికే ‘ఫ’ కాదు, ‘ప’కు ఊపిరి చేర్చి పలికే అసలైన ‘ఫ’. అదే విధంగా ‘డీ’ అన్నది ‘త’కూ, ‘టీ’ అన్నది ‘థ’కూ దగ్గరగా ఉంటాయి. ‘జీ’ అంటే ‘క’, ‘కే’ అంటే ‘ఖ’. కాబట్టి మనం బీజింగ్ అని రాసే ఊరిపేరు వారి నోట ‘పెయ్‌చింగ్’ అన్నట్లు వినిపిస్తుంది. చదువుకున్నవారు కూడా మాటల్లో మహాప్రాణాలను వదిలేయడం మనకు అలవాటే గనుక, ఒత్తులను నోటితో పలకడం ముందుగా తిరిగి సాధన చేయండి. అరచేతిని నోటి ముందు పెట్టుకుని ‘ప, ఫ’ అని పలికి చూడండి. రెండోదానికి గాలి తగలాలి.

మరొక మేలు కూడా తెలుగు మనకు చేసింది. ‘చిన్న’ అన్నప్పటి ‘చ’ వేరు, ‘చాలు’ అన్నప్పటి ‘చ’ వేరు. పాత వ్యాకరణాలు రెండోదానిని దంత్య చకారం అని విడిగా గుర్తించాయి. పిన్‌యిన్‌లో ‘జే’తో రాసేది ‘చిన్న’లోని ‘చ’, ‘జెడ్’తో రాసేది ‘చాలు’లోని ‘చ’. ఊపిరి చేరిస్తే మొదటిది ‘క్యూ’ అవుతుంది, రెండోది ‘సీ’ అవుతుంది. ‘ఎక్స్’తో రాసేది ‘శ’కు దగ్గర, ‘ఎస్‌హెచ్’తో రాసేది నాలుక మడిచి పలికే ‘ష’కు దగ్గర. ఇవి నూటికి నూరుపాళ్లు ఒకటే కావు, కాని ఇంగ్లీషు మీదుగా పోతే కలిగే గందరగోళంతో పోలిస్తే ఈ దారి చాలా దగ్గరిది. పెదవులు గుండ్రంగా చుట్టి ‘ఈ’ అనే అచ్చు ఒక్కటి మాత్రం తెలుగులో లేదు, దానిని కొత్తగానే నేర్చుకోవాలి.

వాక్యం విషయంలోనూ ఇదే మాట చెబుతాను. ‘నేను నిన్న కొన్న పుస్తకం’ అనే మాటను చైనీస్‌లో ‘వొ చ్వోథ్యెన్ మాయ్ త షూ’ అంటారు. నేను, నిన్న, కొన్న, పుస్తకం అని వరుస కూడా మారలేదు. ‘కొన’కు ‘న’ చేరి ‘కొన్న’ అయినట్లే ‘మాయ్’కి ‘త’ చేరింది. ఈ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుని అర్థం చేసుకునేవారు పుస్తకం అనే మాట వచ్చేదాకా ఆగి, వెనక్కి తిరిగి, కొన్నది ఎవరో చూసుకుంటారు. ఒక్కసారే వినిపించే పరీక్షలో ఆ వెనుతిరగడానికి వ్యవధి ఉండదు. తెలుగులో వినేవారికి ఆ అవసరమే లేదు.

నాలుగో స్థాయిలో అందరినీ తికమకపెట్టే ‘పా’ వాక్యాన్ని కూడా అలాగే చూడండి. ‘ని పా మన్ క్వాన్ షాంగ్’ అంటే ‘నువ్వు తలుపును మూసెయ్’ అని. సాధారణంగా క్రియ తరువాత వచ్చే కర్మ ఇక్కడ మన వాక్యంలో లాగే క్రియకు ముందు వచ్చింది. మనం తలుపు వెనుక చేర్చే ‘ను’ పనిని, తలుపు ముందు నిలిచిన ‘పా’ చేస్తోంది. క్రియను ఒంటరిగా వదలకూడదన్న నియమం కూడా ‘మూయి’కి ‘వెయ్’ చేర్చి ‘మూసెయ్’ అనే మనకు వింతగా తోచదు. ఇక ‘ల’ అనే ప్రత్యయాన్ని భూతకాలమని బట్టీ పట్టినవారు ‘మింగ్‌థ్యెన్ వొ శ్యా ల పాన్ చియోవ్ ఛ్యూ’ అన్న వాక్యం దగ్గర ఆగిపోతారు. ‘రేపు’ అని ఉన్నచోట భూతకాలం ఎందుకు వచ్చిందని అడుగుతారు. తెలుగులో అది ‘రేపు పని ముగించుకుని వెళ్తాను’ అవుతుంది. ‘ముగించుకుని’ అన్నది కాలాన్ని చెప్పదు, ఒక పని పూర్తయ్యాకే మరొకటి అని మాత్రమే చెబుతుంది. ఆ వాక్యంలో ‘ల’ చేస్తున్నది సరిగ్గా ఆ పనే.

మీ కార్డులను పారేయనక్కరలేదు. ముందువైపు అక్షరం తీసివేసి అక్కడ శబ్దం పెట్టండి. విని, అర్థం చెప్పి, ఆ తరువాత అక్షరం చూడండి. మొదట్లో రోజుకు 40 కార్డులు సాగవు, 15 సాగినా చాలు.


జవాబు: గీతలపుస్తకం

మిగిలిన రెండు సందేహాలకు నేను జవాబు చెబుతాను.

1200, 3245 రెండూ సరైన అంకెలే, రెండూ వేర్వేరు పట్టికలకు చెందినవి. ఆరు స్థాయిలుగా 2010 నుంచి నడిచిన పరీక్షలో నాలుగో స్థాయికి 1200 పదాలు. చైనా 2021 జూలై 1 నుంచి అమలులోకి తెచ్చిన కొత్త ప్రమాణంలో తొమ్మిది స్థాయిలు ఉన్నాయి, మొత్తం 11,092 పదాలు. అందులో మొదటి నాలుగు స్థాయిలవి కలిపితే 3245 అవుతాయి. ఏడు నుంచి తొమ్మిది వరకు స్థాయిల పరీక్ష 2022 నవంబరులో మొదలైంది. కాబట్టి పరీక్షకు పేరు నమోదు చేసుకునే ముందు, ఆ తేదీన జరిగే పరీక్ష ఏ పాఠ్యప్రణాళికకు చెందినదో చదివి, దానితోపాటు ఇచ్చిన పదపట్టికనూ నమూనా పత్రాన్నీ దించుకోండి. రెండు పట్టికలను కలిపి చదవడం వల్ల నాలుగు నెలలూ పదాలకే ఖర్చయిపోతాయి. మీకు కావలసింది పదాలు కాదని పై ఇద్దరూ చెప్పారు.

కాగితమా, కంప్యూటరా అన్నదానిమీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మీవంటి ఉద్యోగస్థులకు కంప్యూటరే తగినది. మీరు రాసిన నమూనాలో చివరి 15 ప్రశ్నలకు 25 నిమిషాలు ఇస్తారు. వాటిలో పది ప్రశ్నలకు చెల్లాచెదురుగా ఇచ్చిన మాటలను వాక్యంగా పేర్చాలి, ఐదింటికి బొమ్మ చూసి, ఇచ్చిన మాటతో ఒక వాక్యం రాయాలి. కంప్యూటర్ మీద పిన్‌యిన్ కొడితే అక్షరాలు వరుసగా కనిపిస్తాయి, సరైనదానిని గుర్తుపట్టి ఎంచుకుంటే సరిపోతుంది. కాగితం మీద ప్రతి గీతనూ జ్ఞాపకం నుంచి తీయాలి. మీ ఉత్తరాలు కూడా మీరు కీబోర్డు మీదే రాస్తారు కనుక, చేతిరాత కోసం నెలలు వెచ్చించడం ఈ దశలో అవసరం లేదు.

అలాగని కలం పూర్తిగా వదలవద్దు. ఒకే పోలికతో ఉన్న అక్షరాలను విడదీయడానికి చేతితో రాయడాన్ని మించిన మార్గం నాకు కనిపించలేదు. ‘కొనడం’ అనే అక్షరం నెత్తిన చిన్న కూడిక గుర్తు పెడితే ‘అమ్మడం’ అవుతుంది. ‘ఇంకా కాలేదు’ అనే అక్షరానికీ ‘చివర’ అనే అక్షరానికీ తేడా అల్లా, రెండు అడ్డగీతల్లో ఏది పొడవు అన్నదే. ఇటువంటి జంటలను వారానికి ఒక పుటలో చేతితో రాయండి. దీనికి తోడు అక్షరం లోపలి భాగాలను చూడటం అలవాటు చేసుకోండి. ఎక్కువ అక్షరాల్లో ఒక భాగం అర్థాన్నీ మరొకటి శబ్దాన్నీ సూచిస్తాయి. ‘ఛింగ్’ అనే శబ్దభాగం పక్కన మూడు నీటిచుక్కలు ఉంటే ‘తేట’ అని, మాటగుర్తు ఉంటే ‘దయచేసి’ అని, హృదయం ఉంటే ‘మనోభావం’ అని, సూర్యుడు ఉంటే ‘మబ్బులేని’ అని అర్థం. ఒక్క భాగం తెలిస్తే నాలుగు మాటలు చేతికి వస్తాయి.

బొమ్మ ప్రశ్నల్లో పెద్దవయసువారు సాధారణంగా చేసే తప్పు ఒకటి చెప్పి ముగిస్తాను. ఒకామె బట్టలు మడిచి పెట్టెలో సర్దుతున్న బొమ్మ వేసి ‘సర్దడం’ అనే మాట ఇచ్చారనుకోండి. మన భాషలో మనం ఎంత చక్కగా చెప్పగలమో అంత చక్కటి వాక్యం రాయాలని ప్రయత్నించి, తెలియని నిర్మాణంలో చిక్కుకుంటాం. ‘ప్రయాణానికి ముందు ఆమె బట్టలు సర్దుతోంది’ అన్నంత వాక్యాన్ని తప్పు లేకుండా రాస్తే చాలు.


మాపటిచదువు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. శ్రవణం గారు చెప్పినట్లు నిన్న రాత్రి ఒక నమూనా పరీక్ష రాసి, ఈ రాత్రి రాతప్రతితో సరిచూశాను. 45లో 24 తప్పులు వచ్చాయి. నిజంగా తెలియని మాటల వల్ల పోయినవి 5. చదివితే తెలిసి, వింటే తెలియనివి 13. ముందు ప్రశ్న దగ్గరే మనసు ఆగిపోవడం వల్ల పోయినవి 6. మూడేళ్లుగా నేను రోజుకు 40 చొప్పున తిప్పిన కార్డులు ఈ ఐదింటి కోసమేనన్న సంగతి చూసి కొంతసేపు ఏమీ తోచలేదు.

ఒత్తక్షరం గారి మాట విని ఆ పదమూడు మాటలనూ నేను ఎలా పలుకుతున్నానో ఫోనులో రికార్డు చేసి చూసుకున్నాను. తొమ్మిదింటిలో ‘చ’ ఉండవలసిన చోట ‘జ’, ‘ప’ ఉండవలసిన చోట ‘బ’ పలుకుతున్నాను. ఇన్నాళ్లూ ఇది ఎవరూ చెప్పలేదు, నేనూ గమనించలేదు. ఒక సందేహం మిగిలింది. విన్నది రాయడం, శబ్దం కార్డులు, పలకడం, ఇవన్నీ గంటన్నరలో ఇమిడేలా లేవు. ఏది ముందు పెట్టుకోవాలి? చదివే భాగానికి 40 నిమిషాల్లో 40 ప్రశ్నలు చేయాలి కదా, దానికి ఎప్పుడు సమయం కేటాయించాలి?


జవాబు: శ్రవణం

ఆ తొమ్మిది మాటలు దొరికాయంటే మీ పని సగం స్పష్టమైనట్లే. మొదటి మూడు వారాలు పలకడాన్ని అన్నింటికంటే ముందు పెట్టండి. మనసు తాజాగా ఉండే మొదటి ఇరవై నిమిషాలు దానికి ఇచ్చి, తరువాత ఇరవై అయిదు నిమిషాలు విన్నది రాయండి. మిగిలిన సమయంలో శబ్దం కార్డులు, అలసట అనిపిస్తే చదవడం. ఉద్యోగానికి వెళ్లివచ్చే దారిలో కొత్తవి వినకండి, ముందురోజు రాసి సరిచూసిన నిమిషపు ఆడియోనే మళ్లీ మళ్లీ వినండి. అర్థమైనదానిని వినడం వల్లే చెవి వేగాన్ని అందుకుంటుంది.

చదివే భాగంలో మీకు ఇప్పటికే 68 ఉన్నాయి, దానిని ఆఖరి ఆరు వారాల వరకు కదపనక్కరలేదు. ఆ తరువాత ప్రతి ఆదివారం గడియారం పెట్టుకుని పూర్తి పరీక్ష ఒకటి రాయండి. మూడు వాక్యాలను వరుసలో పెట్టే పది ప్రశ్నల్లో ‘కానీ’, ‘అందువల్ల’ వంటి మాటతో మొదలయ్యే వాక్యం, ఎవరో చెప్పకుండానే ‘అతను’ అనే వాక్యం సాధారణంగా మొదట రావు. వాటిని ముందే పక్కకు తీస్తే ఒక్కో ప్రశ్నకు ముప్పై సెకన్లు మిగులుతాయి. ఆ మిగిలిన సమయం చివరి ఇరవై ప్రశ్నలకు పనికి వస్తుంది.

నాలుగో వారం ముగిశాక ఇంకొక నమూనా పరీక్ష రాసి, ఆ పదమూడు ఎంతకు దిగిందో ఇక్కడ రాయండి. దిగకపోతే మీరు రాసిన పిన్‌యిన్ పుటలు రెండింటిని కూడా ఇక్కడ పెట్టండి, ఎర్రగుర్తులు ఎక్కడ పోగుపడుతున్నాయో కలిసి చూద్దాం.